మాణిక్యమ్మ గారి వాటా

గత నెల చక్రధరం గారు పోయారు. న్యూజెర్సీలో మా తరం తెలుగువాళ్ళందరికీ ఆయన ప్రెసిడెంట్ గారు. తెలుగు సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నది రెండేళ్ళే. ఆ పిలుపు మాత్రం పాతికేళ్ళు ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదలనివ్వలేదు. సంస్మరణ సంచిక వేస్తున్నారట. ఒక అమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, మీరు రైటర్ కదా. అంకుల్ గారు మీ ఫ్యామిలీకి ఇల్లు ఇప్పించి చాలా హెల్ప్ చేశారంట కదా. ఒక్క పేజీ రాసివ్వండి, ఓల్డ్ ఫోటో ఏమైనా ఉంటే ఇంకా బెటర్" అంది. రాద్దామనే కూర్చున్నాను. ఆయన చేసిన సాయం గురించే రాశాను. పేజీ దాటింది, నాలుగు పేజీలు దాటింది. తిరిగి చదువుకుంటే, దండ వేసిన నిలువెత్తు ఫోటో పక్కన అచ్చు వేసే సరుకు కాదని అర్థమైంది. సంచికకి వేరే నాలుగు వాక్యాలు రాసి పంపాను. అందులో "ఉదారుడు" అనే మాట కూడా ఉంది. మిగిలింది ఇది.

నాకప్పుడు పదకొండేళ్ళు. మా నాన్న ఒంగోలులో ఒక ప్రైవేటు కాలేజీలో బోటనీ చెప్పేవాడు. బాబాయి ఎప్పుడో పెట్టిన గ్రీన్‌కార్డు అర్జీని పెట్టినవాళ్ళూ పెట్టించుకున్నవాళ్ళూ మరిచిపోయాక అది మంజూరై వచ్చింది. అలా అమ్మ, నాన్న, నేను ప్లెయిన్స్‌బరోలో బాబాయి ఇంటి బేస్‌మెంట్‌లో దిగాం. న్యూజెర్సీ బోటనీ లెక్చరర్ల కోసం ఎదురుచూడటం లేదని నాన్నకి నెల తిరక్కుండానే తెలిసింది. ఒక మందుల కంపెనీ గోడౌన్‌లో పెట్టెలకి లేబుళ్ళు అంటించే పనిలో చేరాడు. ఇంటికొచ్చి, ఆ రోజు తను లేబుల్ అంటించిన మందు ఏ మొక్క నుంచి వచ్చిందో అన్నం తింటూ మాకు చెప్పేవాడు. ఆయన క్లాసులో చివరికి ఇద్దరం విద్యార్థులం మిగిలాం.

పిన్ని చెడ్డ మనిషేమీ కాదు. ఆవిడ మంచితనానికి ఒక గడువు ఉండేది, అదెన్నాళ్ళో మాకు ముందుగా చెప్పలేదు, అంతే. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన అమ్మ దోసెల పిండి గిన్నె పెట్టేది. ఆ వెచ్చదనానికి పిండి పొంగి మూతని పక్కకి నెట్టేసేది. ఒంగోలు ఎండల్లో కూడా అంత బాగా పులిసిన గుర్తు లేదు. ఆ పులిసిన వాసన, ఇంగువ తిరగమోత వాసన, నాన్న చొక్కాకి అంటుకుని వచ్చే అట్టపెట్టెల వాసన కలిసి మెట్లెక్కి పైకి వెళ్ళేవి. పిన్ని ఏమీ అనేది కాదు. మెట్ల మీద ఒక వెనిల్లా కొవ్వొత్తి వెలిగించేది. కొన్నాళ్ళకి రెండు వెలిగించింది. మూడోది వెలిగిన రోజు అమ్మ నాన్నతో, "ఇల్లు చూడండి. ఇంకో కొవ్వొత్తి వచ్చిందంటే ఇక్కడ మనకి ఊపిరాడదు" అంది.

ఇల్లు చూడటమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మామూలు అపార్ట్‌మెంట్ల ఆఫీసుల్లో జీతం అద్దెకి మూడు రెట్లుండాలన్నారు, క్రెడిట్ హిస్టరీ చూపించమన్నారు. జీవితంలో ఎవరి దగ్గరా అప్పు చేయలేదని నాన్న తలెత్తుకుని చెప్పాడు. అక్కడి అమ్మాయి ఏదో జబ్బు పేరు విన్నట్టు జాలిగా చూసింది. మీలాంటివాళ్ళ కోసం లో ఇన్‌కమ్ అపార్ట్‌మెంట్లు వేరే ఉంటాయి, ఆ లిస్టుల్లో పేరు రాయించుకోండి అని ఆ అమ్మాయే చెప్పింది. అక్కడి నుంచి మా శనివారాలన్నీ లిస్టుల చుట్టూ తిరిగాయి. ఒక చోట లిస్టు మూసేశారు. ఇంకో చోట తెరిచే ఉంది గాని, ఆ లిస్టులో చేరడానికి మరో లిస్టు ఉంది. ఒక బిల్డింగ్‌లో నాన్న జీతం ఉండాల్సిన దానికంటే తక్కువన్నారు. అదే వారం మరో బిల్డింగ్‌లో అదే జీతం ఎక్కువైందని ఉత్తరం రాశారు. నాన్న ఆ ఉత్తరాన్ని చాలా రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు. తన జీతం ఎక్కువని ఒకరు కాగితం మీద రాసివ్వడం ఆయనకి అదే మొదటిసారి.

ఫారాలు నింపేది, ఫోన్లు మాట్లాడేది నేను. నాన్న ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే ఎంతో మంచిది, కాని దాన్ని ఫోన్లో ఎవరూ అర్థం చేసుకునేవారు కాదు. నాకు ఆరు నెలల్లో ఇక్కడి యాస పట్టుబడింది. అందుకని మా నాన్న సంపాదన ఎంతో, మా కుటుంబం ఎంత బీదదో, ముక్కూముఖం తెలియని వాళ్ళకి రోజూ స్పష్టమైన ఉచ్చారణతో చెప్పే పని నాకు పడింది. తెలుగువాళ్ళ ముందు మాత్రం ఆ ఊసు ఎత్తకూడదు. ప్లెయిన్స్‌బరో విందుల్లో "లో ఇన్‌కమ్" అనే మాటని గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి అనేవారు. ఎవరైనా అడిగితే అమ్మ, "ఇల్లు చూస్తున్నామండీ" అని ఊరుకునేది. కొనడానికే అనుకునేవారు అందరూ. ఒకావిడ, మేం శ్యామలాంటీ అని పిలిచేవాళ్ళం, అమ్మ చెయ్యి పట్టుకుని, "ఏమన్నా చేయండి గాని సౌత్ ఫేసింగ్ మాత్రం తీసుకోకండి సుగుణ గారూ" అని నిజంగా బాధపడుతూ చెప్పింది. అమ్మ అంతే శ్రద్ధగా తలూపింది.

ఆ ఏడు ఉగాది ఫంక్షన్ ఒక స్కూల్ ఆడిటోరియంలో పెట్టారు. రెండు వందల మందికి పులిహోర అమ్మ కలిపింది, బాబాయి గ్యారేజీలో కూర్చుని. ప్రెసిడెంట్ గారు సిల్కు పంచెలో, రెండో ప్లేటు పులిహోర తింటూ మా దగ్గరికొచ్చారు.

"ఏమ్మా సుగుణా, ఇల్లు చూస్తున్నారటగా. నాతో చెప్పడానికి మొహమాటమేంటి? మన తెలుగువాళ్ళకి మనం చేసుకోకపోతే ఇంకెవరు చేస్తారు? నా దగ్గర ఒక యూనిట్ ఉంది, పిస్కాటవే అవతల. క్రెడిట్ చెక్ లేదు, లీజ్ లేదు, నథింగ్. నెలకోసారి క్యాష్ ఇచ్చేయండి, చాలు."

నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట సంచికలో రాయొచ్చు, అది జరిగింది.

మూడంతస్తుల ఎర్ర ఇటుకల బిల్డింగ్, మూడో అంతస్తులో ఒక బెడ్‌రూమ్, ఒక హాలు. వెళ్ళాక చిన్న చిన్న నియమాలు తెలిశాయి. కింద మెయిల్‌బాక్స్ మీద ఎం. మాణిక్యమ్మ అని ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు. మా ఉత్తరాలు బాబాయి ఇంటికే రావాలి. ఎవరైనా అడిగితే మేం మాణిక్యమ్మ గారిని చూడటానికి వచ్చిన చుట్టాలం. నాన్న ఒక్కసారి అడిగాడు, "ఈ మాణిక్యమ్మ గారెవరండీ?" అని. "మా మదర్. పేపర్ మీద ఆవిడ పేరుంది. జస్ట్ ఫార్మాలిటీ" అన్నారు ప్రెసిడెంట్ గారు. ఫార్మాలిటీ గురించి ఇంకో ప్రశ్న అడిగే స్థితిలో నాన్న లేడు. అది ఆదాయం లేని ముసలావిడ పేరు మీద మంజూరైన లో ఇన్‌కమ్ ఇల్లని, ఆవిడ కొడుకు కొనుక్కున్న ఆరు బెడ్‌రూముల ఇంట్లో ఉంటోందని మాకు మెల్లిగా అర్థమైంది. అర్థమైన దాన్ని బయటికి అనుకోలేదు. మా ముగ్గురిలో ఎవరు ముందు అంటే వాళ్ళే పెట్టె సర్దాలన్నట్టు ఉండేది.

అయినా ఆ ఇంట్లో మేం సుఖంగా ఉన్నాం. హాల్లో వేడి రేడియేటరు పొద్దున్నే బుస కొట్టేది. దాని మీద అమ్మ తువ్వాళ్ళు ఆరేసేది. స్కూలుకి వెళ్ళేముందు ఆ వేడి తువ్వాలుకి ముఖం ఆనించి నిలబడటం ఇప్పటికీ గుర్తు. యూనివర్సిటీలో చదువుకునే మన కుర్రాళ్ళ కోసం అమ్మ చపాతీలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున పెద్ద బేసిన్‌లో పిండి తడిపేది. నా హోంవర్కు కాగితాల మీద, నాన్న కళ్ళద్దాల మీద, కిటికీ చట్రం మీద సన్నగా గోధుమ పిండి పడేది. చపాతీలు కాల్చే వాసన ఎంత పైకి వెళ్ళినా ఎవరూ కొవ్వొత్తి వెలిగించలేదు. పై ఇల్లు లేదు కాబట్టి.

ఏడాది గడిచాక తలుపు కింద నుంచి ఒక కాగితం వచ్చింది. ఫలానా రోజు పొద్దున పదింటికి లో ఇన్‌కమ్ ఇళ్ళ ఆఫీసు నుంచి మనిషి వచ్చి ఇల్లు చూస్తుంది, అద్దెకున్నవాళ్ళు ఉండి సంతకం చేయాలి. ఫోన్ చేస్తే ప్రెసిడెంట్ గారు కంగారు పడలేదు. సంఘంలో నాటకాలు వేయించిన మనిషి; ముందు రోజు సాయంత్రం వచ్చి ఏర్పాట్లన్నీ దగ్గరుండి చేయించారు. మా బట్టలు, పరుపులు, నా పుస్తకాలు, కుక్కరు, అన్నీ నాన్న పాత కారులోకి ఎక్కాయి. గోడకి ప్రెసిడెంట్ గారి నాన్నగారి ఫోటో, ప్లాస్టిక్ పూలదండ. క్లోజెట్‌లో నాలుగు నేత చీరలు. బాత్‌రూమ్‌లో ఒకే ఒక్క టూత్‌బ్రష్. తలుపు పక్కన ఒక చేతికర్ర, ఆవిడ ఎప్పుడూ వాడనిది. ఆయన ఖరీదైన కారు ఎవరి కంటా పడకూడదు కాబట్టి తను రారు. నేను మనవరాలిని, ఇంగ్లీషు చెప్పడానికి వచ్చాను. అమ్మ గుడిలో పరిచయమైన సహాయకురాలు.

"ఆవిడ ఏం మాట్లాడినా నువ్వు చెప్పాల్సిందేంటి?" అని నాకు రిహార్సల్ చేయించారు.

"షీ లివ్స్ అలోన్. షీ ఈజ్ హ్యాపీ."

"వెరీ గుడ్. అంతకు మించి ఒక్క వర్డ్ వద్దు."

పొద్దున నాన్న సెలవు పెట్టి, మా సంసారమంతా కారులో వేసుకుని లైబ్రరీ పార్కింగ్ లాట్‌కి వెళ్ళి కూర్చున్నాడు. పరుపు వెనక అద్దాన్ని కప్పేసింది. కుక్కరు పెట్టడానికి చోటు లేక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇల్లంటూ లేని మనిషేమో అనుకుని లైబ్రరీలో పనిచేసే ఒకావిడ వచ్చి కాఫీ ఇచ్చి, షెల్టర్ ఫోన్ నంబరున్న కాగితం కూడా ఇచ్చిందట. ఆ సంగతి ఆయన మాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు, నవ్వుతూనే. కాఫీ బాగుందన్నాడు. నేను నవ్వలేకపోయాను.

మాణిక్యమ్మ గారిని ప్రెసిడెంట్ గారు వీధి మలుపులో దించేసి వెళ్ళారు. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా, నేత చీర కింద తెల్ల స్నీకర్లు, పైన మనవడి కాలేజీ పేరున్న స్వెట్‌షర్టు. తెనాలిలో ఆవిడకి నాలుగు వాటాల ఇల్లుండేది. ముప్పై ఏళ్ళు అద్దెకిచ్చిన మనిషి. కొడుకు ఆవిడతో చెప్పిందల్లా, ఎవరో గవర్నమెంటు ఆవిడ వస్తుంది, గంట కూర్చుని రమ్మని. లోపలికి రాగానే ఆవిడ కూర్చోలేదు. వేలి కణుపుతో గోడ కొట్టి చూసింది. కుళాయి తిప్పింది. సింకు కింద తలుపు తీసి వంగి వాసన చూసింది. తర్వాత అమ్మ వైపు తిరిగింది.

"ఏందమ్మాయ్, ఈ గోడకి మేకు కొట్టిందెవరు?"

"మేమేనండీ. క్యాలెండరు కోసం."

"అడిగే కొట్టారా?"

ఎవర్ని అడగాలో తెలియక అమ్మ నిలబడిపోయింది. గుడి సహాయకురాలి వేషం అక్కడితో అయిపోయింది. అద్దె ఎంతిస్తున్నారని ఆవిడ అడిగింది. అమ్మ చెప్పింది. ఆవిడ మనసులో రూపాయల్లోకి మార్చుకుని, హాలుని ఈ చివర నుంచి ఆ చివరకి మళ్ళీ చూసింది.

"ఇంత చిన్న వాటాకా. ఎవరికిస్తున్నారు?"

"మీ అబ్బాయిగారికేనండీ."

"మరి ఇల్లెవరిది?"

అమ్మ నా వైపు చూసింది. నాకు రిహార్సల్ చేయించింది గవర్నమెంటు ఆవిడ ప్రశ్నలకే గాని ఈవిడ ప్రశ్నలకి కాదు. "పేపర్ మీద మీదే మామ్మగారూ. కింద మెయిల్‌బాక్స్ మీద మీ పేరుంది" అన్నాను. ఆవిడ నన్ను తీసుకుని రెండంతస్తులు కమ్మీ పట్టుకుని దిగింది. ఒక్కో అక్షరం నా చేత చదివించుకుని, ఆ పేరు మీద వేలు పెట్టి రుద్దింది. మళ్ళీ ఎక్కేటప్పుడు ఆయాసపడింది.

ఆఫీసు నుంచి వచ్చినావిడ పేరు గ్లోరియా. పొడుగ్గా, బరువుగా ఉంది, మోకాళ్ళ నొప్పులనుకుంటాను, మెట్లెక్కి వచ్చి గుమ్మంలో కాసేపు ఆగింది. చెప్పకుండానే బూట్లు విప్పి లోపలికి వచ్చింది. మాణిక్యమ్మ గారికి అది నచ్చినట్టుంది, కుర్చీ చూపించింది. గ్లోరియా ఫారం తీసి, ఇంట్లో ఒక్కరే ఉంటారా అని అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"ఎక్కడుంటాను? మావాడింట్లో కింద గదిలో ఉంటాను. ఈ ఇంటికి ఇవాళే రావటం. ఈ అమ్మాయి, మొగుడు, నువ్వు ఉంటన్నారిక్కడ. ఆమెకట్టాగే చెప్పు."

"షీ లివ్స్ అలోన్" అన్నాను.

గ్లోరియా కలం ఆపి నన్ను చూసింది. అంత పొడుగు జవాబుకి ఇంగ్లీషులో మూడే మాటలా అంది. "షీ ఈజ్ హ్యాపీ" అని కలిపాను. అంతవరకు ఫోన్లలో నేను మా బీదరికం చెప్పాను, అబద్ధం చెప్పలేదు. రిపేర్లేమైనా ఉన్నాయా అని ఆవిడ అడిగింది. మాణిక్యమ్మ గారు దానికోసమే ఎదురుచూస్తున్నట్టు మొదలుపెట్టింది: కుళాయి కారుతోంది, కిటికీ పూర్తిగా పడటం లేదు, బాత్‌రూమ్ మూల చెమ్మ ఉంది, సింకు కింద చెక్క పుచ్చింది, ఇన్నేళ్ళుగా ఒక్కరూ పట్టించుకున్నట్టు లేదు. అవన్నీ పొల్లుపోకుండా చెప్పాను. నిజం చెప్పడం అంత తేలిక పని అని అప్పుడే తెలిసింది. గ్లోరియా అన్నీ రాసుకుంది. ఫ్రిజ్ తీసి చూసింది. అందులో ఆ వారం ఆర్డరు, అల్యూమినియం రేకుల్లో చుట్టిన ఎనభై చపాతీలు ఉన్నాయి. వాటిని దాచాలని ప్రెసిడెంట్ గారికి గాని మాకు గాని తట్టలేదు.

"ఇవన్నీ ఈవిడ ఒక్కతే తింటుందా?" అంది గ్లోరియా.

"షీ లైక్స్ రోటీ" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఫ్రిజ్ మూసి, సంతకం చేయించుకుంది. మాణిక్యమ్మ గారు తెలుగులో, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా నింపాదిగా రాసింది. గ్లోరియా బూట్లు వేసుకుంటూ నా ఇంగ్లీషు చాలా బాగుందని, అది ఒక్కటే చాలదని అంది. తలుపు మూసుకున్నాక మాణిక్యమ్మ గారు నా వైపు తిరిగి, "హ్యాపీ అంటే నాకు తెలుసు. నేనా మాట అన్లేదే" అంది. తర్వాత ఆ ఇంటికి ఆఫీసులో కట్టే అద్దె ఎంతో గ్లోరియా ఇచ్చి వెళ్ళిన ఫారం నకలు మీద చదవమంది. చదివాను. మేం ఇస్తున్న దాంట్లో సగం కూడా లేదు. అమ్మ నేల మీద కూర్చుండిపోయింది.

పదకొండున్నరకి ప్రెసిడెంట్ గారు వచ్చారు. ముఖంలో నాటకం రక్తి కట్టిన సంతోషం ఉంది.

"అమ్మా, అయిపోయిందిగా. పద, మీటింగ్ ఉంది నాకు."

"నువ్వెళ్ళు."

"నువ్వు రావా?"

"నేను నా ఇంట్లోనే ఉన్నాగా."

ఆయన నవ్వి, మేం కూడా నవ్వుతామేమోనని మా వైపు చూశారు. ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. "తెనాల్లో నాలుగు వాటాలు అద్దెకిచ్చానురా. ఏ వాటాలో ఎవరున్నారో, ఎంతిస్తన్నారో నాకు తెలియకుండా ఒక్క నెల పోలా. ఇక్కడ నా పేరున ఒక వాటా ఉందంట, మనుషులున్నారంట, నెలనెలా అద్దె వస్తందంట. నాకు తప్ప అందరికీ తెలుసు. గోడ మీదున్న మీ నాన్నకి కూడా తెలుసు."

"అది అద్దె కాదమ్మా. వీళ్ళకి ఇల్లు దొరక్కపోతే, ఏదో హెల్ప్ చేద్దామని."

"మంచిదే. ఆ హెల్పు ఇకనుంచి నేను చేస్తా."

ఆయన అమ్మ వైపు తిరిగి, మునుపెన్నడూ వాడని గొంతుతో, "సుగుణా, సాయంత్రానికి ఖాళీ చేసేయండి" అన్నారు. "ఖాళీ చేయించాల్సింది ఇంటావిడ. గట్టిగా మాట్లాడాలంటే చెప్పు, తలుపు తీసి పెడతా" అంది మాణిక్యమ్మ గారు. ఆయన గట్టిగా మాట్లాడలేదు. ఆ బిల్డింగ్‌లో ఆయన గొంతు ఎవరికీ వినపడకూడదు. కాసేపు తన తండ్రి ఫోటో కింద నిలబడి, ఫోన్ చూసుకుని వెళ్ళిపోయారు.

ఇక్కడ ఆగి, ఆవిడ దేవతలా మమ్మల్ని చేరదీసిందని రాస్తే బాగానే ఉంటుంది. జరిగింది అది కాదు. బెడ్‌రూమ్ ఆవిడ తీసుకుంది. మేం ముగ్గురం హాల్లో పడుకున్నాం. స్నానానికి ఎవరికి ఎంతసేపో ఆవిడే నిర్ణయించింది. రాత్రి తొమ్మిది దాటాక కుళాయి తిప్పకూడదు. శనివారం ఉల్లిపాయ కోయకూడదు. వక్కపొడి డబ్బా పక్కన పెట్టుకుని గుమ్మానికి ఎదురుగా కూర్చుని, ఎవరు ఎప్పుడు వెళ్ళారో ఎప్పుడు వచ్చారో చూసేది. నాన్నని "బోటనీ" అని పిలిచేది. అమ్మ చపాతీలు మందంగా ఉన్నాయని రోజూ అనేది, రోజూ ఐదు తినేది. ఆవిడ ఇంటిని ఎంత ప్రేమించిందో మమ్మల్ని అంత భరించింది. అసలు ఇల్లంటూ చేతిలో ఉంటే మనిషి ఎట్లా మారిపోతుందో అప్పుడు చూశాను. కొడుకింట్లో కింద గదిలో ఆవిడ ఏడేళ్ళు నోరెత్తకుండా ఉందని విని మేమెవరం నమ్మలేదు.

ఒకటో తారీఖున ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకి బయల్దేరింది. గ్లోరియా బల్లకి ఎదురుగా కూర్చుని, నాతో, "ఈసారి నేనన్నది అన్నట్టు చెప్పు. నీ సొంతం ఒక్క ముక్క కలిపినా నాకు తెలుస్తది" అంది. ఆవిడ చెప్పింది, నేను చెప్పాను. కొడుకు పెట్టమన్న చోట సంతకం పెట్టడమే గాని, ఇల్లు తన పేరు మీదుందని తనకి మొన్నటిదాకా తెలియదని. కొడుకు దాన్ని అద్దెకిచ్చుకున్నాడని. ఇప్పుడు తను అక్కడే ఉంటోందని, పోయేదాకా ఉంటుందని. మేం ముగ్గురం కూడా ఉన్నామని. ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని, అది నా తప్పు కాదని. ఆఖరి వాక్యాన్ని రెండుసార్లు మొదలుపెట్టాను. నా గురించి నేనే అనువదించుకోవాల్సి వచ్చింది.

గ్లోరియా లేచి తలుపు వేసి వచ్చింది. ఫైలు మొదటి కాగితం నుంచి తిరగేసింది. మాకు ఇల్లు పోయినట్టేనని నాకు అర్థమైంది. అట్టపెట్టెలు నాన్న గోడౌన్ నుంచి తేగలడా అని కూడా ఆలోచిస్తున్నాను. ఆవిడ చివరికి, ఇవాళ్టి నుంచి ఈవిడ ఆ ఇంట్లో ఉంటున్నట్టేనా అని అడిగింది. అవునన్నాను. "అయితే నా కాగితం మీదున్నదీ అదే" అంది. అతిథులు పద్నాలుగు రోజులు ఉండొచ్చని, మేం ఎప్పటి నుంచి ఉన్నామో తను వినలేదని అంది. రైల్వే స్టేషన్ దగ్గర కొత్త బిల్డింగ్ కట్టారు, సోమవారం పొద్దున ఎనిమిదింటికి లిస్టు తెరుస్తారు, ఆరింటికే వెళ్ళి నిలబడండి, జీతం కాగితాలన్నీ తీసుకెళ్ళండి, మీ పేర్లు మీవే రాయండి అని చెప్పింది.

సోమవారం ఐదున్నరకే వెళ్ళాం. అప్పటికే లైను మలుపు తిరిగింది. మా కంటే ఇరవై మంది ముందు, శాలువా తల మీదుగా కప్పుకుని, ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడ వెనక్కి తిరిగితే శ్యామలాంటీ. ఆవిడ భర్తకి ప్రాజెక్టు అయిపోయి, ఉద్యోగం లేక ఎనిమిది నెలలైందట, ఎవరికీ చెప్పలేదు. అమ్మా ఆవిడా ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కాసేపటికి శ్యామలాంటీ లైను వదిలి వెనక్కి వచ్చి, "ఇల్లు చూస్తున్నామండీ" అంది. "మేమూ అంతేనండీ" అంది అమ్మ. ఇద్దరూ ఏ దిక్కు గురించీ మాట్లాడుకోలేదు. ఆవిడ మళ్ళీ తన చోటికి వెళ్ళలేదు, మా వెనకే నిలబడింది.

ఆ పద్నాలుగు రోజులు పద్నాలుగు నెలలు నడిచాయి. మధ్యలో గ్లోరియా రెండుసార్లు తనిఖీకి వచ్చింది. వచ్చే ముందు ఫోన్ చేసేది. అలా చేయడం ఆవిడ ఉద్యోగంలో భాగం కాదని పెద్దయ్యాక గాని నాకు తెలియలేదు. చివరికి మాకు ఇల్లొచ్చింది, రెండు గదులు, మెయిల్‌బాక్స్ మీద మా ఇంటిపేరు. ఖాళీ చేసే రోజు మాణిక్యమ్మ గారు గోడలన్నీ చూసి, వంటగట్టు తుడిపించి, రేడియేటరు వెనక చేరిన గోధుమ పిండి కూడా ఊడిపించింది. వెళ్ళొస్తామని అమ్మ కాళ్ళకి దండం పెడితే, "అద్దెకున్నవాళ్ళలో ఇంత తొందరగా ఖాళీ చేసింది మీరే" అంది. అది మెచ్చుకోలో నిష్ఠూరమో ఇద్దరికీ తెలియలేదు.

ఆవిడ ఆ ఇంట్లో ఒంటరిగా మరో ఆరేళ్ళు ఉంది. కొడుకు ఆదివారాలు వచ్చి గంట కూర్చుని, ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళేవారు. ఆవిడ పోయినప్పుడు సంతాప సభలో ప్రెసిడెంట్ గారు మైకు పట్టుకుని, "మా అమ్మకి ఇండిపెండెన్స్ అంటే ప్రాణం. అందుకే ఆవిడకంటూ ఒక ఇల్లు అరేంజ్ చేశాను" అన్నారు. గొంతు వణికింది. ఆ వణుకు నిజమైనదే. అన్న మాటా ఒక రకంగా నిజమే.

ఇప్పుడు నేను ఆష్‌బర్న్‌లో ఉంటున్నాను. మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో తక్కువ అద్దె ఇళ్ళు కడతారని తెలిసి, ఈ మధ్య వీధి వీధంతా వాట్సాప్‌లో కదిలింది. మొన్న శనివారం ప్రణీత్ అనే అతను, మూడిళ్ళ అవతల ఉంటాడు, పిటిషన్ పట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విప్పాడు.

"మనకేం ప్రాబ్లం లేదు ఆంటీ, పర్సనల్‌గా. కానీ స్కూల్ రేటింగ్స్ పడిపోతయి, హౌస్ వాల్యూస్ పడిపోతయి. అందరు సైన్ చేస్తున్నరు."

అబద్ధమెందుకు, ఒక్క క్షణం నా ఇంటి రేటు నాకూ మెదిలింది. ఆ క్షణం ఎంతసేపుందో కొలుచుకోవాలని లేదు. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఎక్కడ ఉండేవాడివని అడిగాను. అతని ముఖం వెలిగింది.

"టెక్సాస్‌ల ఆంటీ. ఆ డేసే వేరు. సింగిల్ బెడ్‌రూమ్‌ల ఏడుగురం. లీజ్ మీద ఇద్దరి పేర్లే. మేనేజర్ వస్తుందంటే ఐదుగురం పోయి లాండ్రీ రూమ్‌ల కూసునేటోళ్ళం."

"ఎప్పుడూ దొరకలేదా?"

"ఒకసారి దొరికినం. లాండ్రీకి వచ్చింది, ఐదుగురిని చూసింది. ఏం అనలే. బట్టలు మెషీన్‌ల ఏసి పోయింది."

"ఎందుకు అనలేదు?"

అతను ఆలోచించాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా తట్టినట్టు లేదు. "ఏమో ఆంటీ. మంచామె కావచ్చు" అన్నాడు. కాగితం నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. "సైన్ ఇక్కడ."

నేను పెట్టలేదు. పక్కింటివాళ్ళు పెట్టారు.